పెట్టని సంతకం

“అమ్మా, ఇయ్యాల ఐదు గంటలే ఆఖరని ఆమెకు జెప్పు” అన్నాడు యోగానంద్.

ఆ ‘ఆమె’ అదే బల్లకు అటువైపు కూర్చుని ఇడ్లీ తింటోంది. మంగళవారం నుంచి యోగానంద్ తమ్ముడి భార్య మాధవీలతతో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఏం చెప్పాలన్నా తల్లి ద్వారానే. మాధవీలతకు చూపు లేదు. అతను తన వైపు తిరిగి అంటున్నాడో, గోడ వైపు తిరిగి అంటున్నాడో ఆమెకు తెలియదు. గొంతు మాత్రం గోడతో మాట్లాడుతున్నట్టే ఉంది.

తల్లి కమలమ్మ చట్నీ గిన్నెను కొంచెం గట్టిగానే కింద పెట్టింది.

“ఆమెకు చెవులున్నయ్ గదరా. నువ్వే జెప్పు. మూడు దినాల సంది మీ ఇద్దరి నడుమ మాటలు మోసి మోసి నాకు యాష్టకొస్తున్నది.”

యోగానంద్ బల్ల మీది కాగితాన్ని వేలితో ఇంకొంచెం ముందుకు తోశాడు. కాగితం జరిగిన చప్పుడు మాధవీలత విన్నది. మూడు రోజులుగా అది ఆ బల్ల మీదే ఉంది. వడ్డించే ముందు ఎవరో ఒకరు దాన్ని పక్కకు జరుపుతారు, తిన్నాక మళ్లీ తెచ్చి ఆమె ముందు పెడతారు.

అందులో ఉన్నది మూడే వాక్యాలు. నేను చూపులేని వ్యక్తిని. ఈ దుకాణం వెబ్‌సైటును స్వయంగా పరీక్షించాను. ఎవరి సాయమూ లేకుండా కావలసిన వస్తువు వెతుక్కుని తెప్పించుకోగలిగాను. వాటి కింద సంతకానికి ఒక గీత.

దాన్ని పంపింది బెంగళూరులోని ఒక ట్రస్టు. ఆరు జిల్లాల్లో వికలాంగులకు చక్రాల కుర్చీలు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు, మంచాన పడ్డవాళ్లకు కావలసిన సామాను ఇప్పిస్తుంది. ఇకనుంచి ఎవరికి ఏం కావాలో వాళ్లే ఫోనులో ఎంచుకోవాలని, అందుకు పనికొచ్చే వెబ్‌సైటు ఉన్న దుకాణానికే ఆ సరఫరా ఇస్తామని అన్నది. పనికొస్తుందని ఒక వికలాంగుడో, వికలాంగురాలో పరీక్షించి సంతకం చెయ్యాలి. రాయచూరు బజారులో యోగానంద్ తండ్రి కిష్టయ్య నలభై ఏళ్లుగా నడుపుతున్న సర్జికల్ దుకాణం ఆ వరుసలో మొదట ఉంది. సంతకం కోసం బయట ఎవరినో వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, చిన్నకోడలు ఇంట్లోనే ఉంది. పైగా ఆమె ఉద్యోగమే అది. ఇంట్లో కూర్చుని ఒక హైదరాబాదు కంపెనీకి ఇలాంటి వెబ్‌సైట్లే పరీక్షించి పెడుతుంది. యోగానంద్ ఆమెను ఒక్క మాటైనా అడగకుండా దరఖాస్తులో ఆమె పేరు రాసేశాడు.

ట్రస్టు ఆ కాగితాన్ని బొమ్మగా తీసి పంపింది. మాధవీలత ఫోను అక్షరాలను చదివి వినిపిస్తుంది గానీ ఆ బొమ్మ దగ్గర మూగబోయింది. చివరికి తోడికోడలు చైత్ర చదివి వినిపించాల్సి వచ్చింది. చూపులేనివాళ్ల సంతకం అడిగే కాగితాన్ని చూపున్నవాళ్లు మాత్రమే చదివేలా పంపారని మాధవీలత అన్నప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఆమె చెయ్యి తుడుచుకుంది.

“మొదటి రెండు వాక్యాలూ నిజమే బావగారూ. మూడోది అబద్ధం. దాని కింద నా పేరు ఎలా రాయమంటారు?”

ఇక యోగానంద్‌కు తల్లి అవసరం లేకపోయింది.

“నేను ఎవర్ని మోసం జేస్తున్న? నలభై ఒక్క తప్పులని జాబితా ఇస్తివి. చదివిన. వెబ్‌సైట్ జేసినోనికి పంపిన. రెండు నెలలు పడ్తదన్నడు. వీళ్ల గడువు ఇయ్యాల ఉన్నది. సంతకం బెట్టు, రెండు నెలల్ల అన్ని సరిజేపిస్త. గింతే గద నేను అడిగేది.”

“సంతకం పడ్డాక ఆ రెండు నెలలూ ఎవరికి గుర్తుంటాయి?”

“నాకు గుర్తుంటది.”

“పోయిన దసరాకి ఈ తప్పులే చెప్పినప్పుడు కూడా అన్నారు, గుర్తుంటుందని.”

ఆ మాటతో అతని కోపం పెరిగింది. మూడేళ్లుగా తండ్రి వద్దంటున్నా ఒక్కడే పట్టుబట్టి ఆ వెబ్‌సైటు నిలబెట్టాడు. బస్టాండు దగ్గర అద్దాల గోడల మందుల షాపులు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. పాత బజారులోకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఈ సరఫరా దొరక్కపోతే దుకాణంలో పనిచేసే నలుగురిలో ఇద్దరిని పంపించాల్సి వస్తుంది. ఇవన్నీ అతను అరిచి చెప్పాడు. మాధవీలతకు ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా ఇలా కూర్చుందనే అతని మంట.

వెబ్‌సైటు చేసినవాడు అప్పట్లో ఒక ఉపాయం చెప్పాడు. పేజీ మూలన చక్రాల కుర్చీ మనిషి బొమ్మ ఒకటి పెడితే చాలు, దాన్ని నొక్కగానే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి, పేజీ తనంతట తాను చదివి వినిపిస్తుంది, ఒక్క పూటలో పని అయిపోతుందని. పెట్టాడు కూడా. పెట్టాక మాధవీలతకు ఇంకా కష్టమైంది. ఆమె ఫోను గొంతు ఒకటి చదువుతుంటే, ఆ బొమ్మ గొంతు ఇంకోటి దాని మీద పడి చదివేది. ఇద్దరు మనుషులు రెండు చెవుల్లో ఒకేసారి వాదులాడుతున్నట్టు ఉండేది. దాన్ని తీసెయ్యమని ఆమె జాబితాలో మొదటి అంశంగా రాసింది. అది ఇంకా అక్కడే ఉంది.

“ఈ ఇంట్ల నిన్ను ఎన్నడన్న వేరుగ జూసినమా?” అన్నాడు యోగానంద్ లేస్తూ. “ఒక్క సంతకం. మూడేండ్లల్ల నిన్ను అడిగింది అదొక్కటే.”

ఆ మాట మాధవీలతకు తగలాల్సిన చోటే తగిలింది. అతను చెప్పులు వేసుకుని వెళ్లిన చప్పుడు వినిపించేదాకా ఆమె అలాగే కూర్చుంది.

*

భర్త మౌనేశ్ గదిలో దుకాణానికి తయారవుతున్నాడు. అన్న అరిచినంతసేపూ అతను గది దాటి బయటికి రాలేదు.

మౌనేశ్ మెత్తని మనిషి. బెంగళూరులో వినికిడి యంత్రాల పని నేర్చుకుంటున్నప్పుడు మాధవీలత పరిచయమైంది. సింధనూరు పక్కన, ఆంధ్ర నుంచి వలస వచ్చిన రైతుల ఊరైన క్యాంపులో వరి పండించే రంగయ్య కూతురు. కంటి నరాల జబ్బుతో పదిహేనేళ్లకే ఆమె చూపు పూర్తిగా పోయింది. ఆమెనే చేసుకుంటానని ఇంట్లో చెప్పినప్పుడు కూడా మౌనేశ్ గొంతు పెంచలేదు. రెండు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడకుండా, సరిగా తినకుండా ఉన్నాడు. చివరికి కిష్టయ్యే దిగివచ్చాడు. గొడవ అంటే మౌనేశ్‌కు భయం. ఎవరో ఒకరు తగ్గిపోతే చాలనుకుంటాడు. ఎవరు తగ్గాలన్నది అతనికి పెద్ద విషయం కాదు.

“నువ్వు రోజూ ఎంతమంది కంపెనీలోళ్లకు తప్పులు రాసిస్తవ్” అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ. “వాళ్లు సరిజేసినా, చేయకున్నా నీకు నిద్రయితె పడ్తది గద. మా అన్న కాడికొచ్చేసరికి గిట్లెందుకు?”

“అక్కడ నన్నెవరూ సంతకం పెట్టమనరు. తప్పు ఉంది అంటే ఉందని రాసుకుంటారు. సరిచెయ్యనివాళ్లు కూడా బాగుందని నాతో చెప్పించరు.”

అతను నిట్టూర్చాడు. అన్న ఒకవైపు, భార్య ఒకవైపు లాగుతుంటే తనకు తిండి కూడా సహించడం లేదని, దుకాణంలో తండ్రి ముఖం చూడలేకపోతున్నానని చెప్పుకొచ్చాడు. ఆమె విన్నది. ఆ బాధ నిజమే. కానీ అందులో యంకప్ప గురించి ఒక్క మాట లేదు.

యంకప్పది యాపలదిన్ని అనే పల్లె. రెండేళ్ల కింద బోరు మోటారు దగ్గర కరెంటు కొట్టి వెనక్కి పడితే మెడ దగ్గర నరాలు దెబ్బతిన్నాయి. కాళ్లు లేవవు. చేతులు భుజాల దగ్గర కొంచెం కదులుతాయి, వేళ్లు కదలవు. నోట్లో పెన్సిలు కరిచి పట్టుకుని ఫోను మీద అక్షరాలు నొక్కుతాడు. మూత్రం గొట్టం, సంచీ ఎప్పటికప్పుడు మార్చాలి. భార్య కూలికి పోతుంది, పొద్దున పోతే పొద్దుగూకాకే ఇంటికి. అందుకని తనే దుకాణం వెబ్‌సైటులో తెప్పించుకోబోయేవాడు. అన్నీ నొక్కాక ఫోనుకు ఆరు అంకెలు వస్తాయి. ముప్పై సెకన్లలో వాటిని కొట్టాలి. అతను నాలుగో అంకె దగ్గర ఉండగానే గడువు అయిపోయేది, పేజీ మళ్లీ మొదటికి పోయేది. విసిగిపోయి దుకాణానికి ఫోను చేస్తే, అక్కడ ఎత్తేవాళ్లు లేనప్పుడు ఆ ఫోను ఇంటికి మళ్లేది. అలా మాధవీలతకు అతను తెలుసు.

“ముప్పై సెకండ్లల్ల ఆరంకెలు కొట్టనీకి నాతోని కాదమ్మా. నేను నోటితోని కొడత” అని అతను మొదటిసారి చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పాడు.

జాబితాలో అది ఏడో అంశం. ముప్పై సెకన్లను పది నిమిషాలు చెయ్యడానికి వెబ్‌సైటు చేసినవాడికి పది నిమిషాలు కూడా పట్టదని ఆమె పక్కన రాసింది.

“ఇంకొక్కసారి అడుగుతున్న మాధవీ” అన్నాడు మౌనేశ్. “ఇంటి కోసం. నా కోసం.”

“నీ కోసం ఇంకేదైనా అడుగు.”

అతను బీరువా తలుపు మూశాడు. తర్వాత “సరే, నేను జూసుకుంట” అని వెళ్లిపోయాడు. అన్నతో మాట్లాడి చూస్తాడని ఆమె అనుకుంది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమెకు కొంచెం తేలికనిపించింది.

*

పది దాటాక కమలమ్మ వచ్చి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది. మోకాళ్ల నొప్పికి నెమ్మదిగా, రెండు చేతులూ ఆనించి కూర్చుంటుంది.

“ఏం కష్టమున్నదో నాకు జూపియ్యి బిడ్డా. వాడు ఏమీ లేదంటడు, నువ్వు మస్తున్నది అంటవు. వినీ వినీ నా తలకాయ తిరుగుతున్నది.”

ఏం తెప్పించమంటారని మాధవీలత అడిగింది. మోకాలికి వేసుకునే పట్టీ అంది అత్తగారు. మాధవీలత ఫోను గొంతు వేగం తగ్గించింది, అత్తగారికి అర్థమయ్యేలా. వేలిని తెర మీద జరుపుతుంటే అది చదవసాగింది.

“బటన్. బటన్. పేరు లేని బటన్. బొమ్మ, నాలుగు వేల నాలుగు వందల డెబ్బై ఒకటి. బటన్.”

“ఏం బటన్ అది?”

“అదే తెలీదు అత్తయ్యా. నొక్కితేనే తెలుస్తుంది.”

నొక్కింది. వేరే పేజీకి పోయింది. వెనక్కి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి బటన్, బటన్, పేరు లేని బటన్. ఈలోగా మూలనున్న చక్రాల కుర్చీ బొమ్మ తన గొంతుతో ఇంగ్లీషులో స్వాగతం చెప్పడం మొదలుపెట్టింది. రెండు గొంతులూ కలగలిసిపోయాయి. కమలమ్మ చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుంది. పది నిమిషాలకు పట్టీ దొరికింది. ఎడమ కాలిదో కుడి కాలిదో, పెద్దదో చిన్నదో బొమ్మలో ఉందట, మాటల్లో లేదు. ఏదో ఒకటి ఎంచుకుంది. ఆరు అంకెలు వచ్చాయి. ఫోను వాటిని చదివి వినిపించి, ఆమె గుర్తుపెట్టుకుని, కొట్టాల్సిన గడి వెతుక్కునేలోగా గడువు ముగిసిందని చెప్పింది.

కమలమ్మకు ఒళ్లు మండిపోయింది. ముందు ఫోను మీద, తర్వాత కొడుకు మీద. చివరికి కోడలి మీద కూడా.

“అయితె ఏమాయె? ఇండ్లల్ల ఎవరో ఒకరు ఉంటరు గద, నొక్కి ఇయ్యనీకి. చైత్ర లేదా? నేను లేనా? దీని కోసం ఇంత పంచాయితా?”

“ఉంటారు అత్తయ్యా. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాల్సి రావడమే నా బాధ.”

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో తనకు నెల నెలా కావలసినవి తెప్పించుకోవడానికి కూడా భర్తను పిలిచి, ఆ పేరు పైకి చెప్పి, నొక్కమని అడగాల్సి వచ్చిందని మాధవీలత చెప్పింది. ఆ మాట గదిలో కాకుండా హాల్లో చెప్పాల్సి వచ్చిన రోజు గురించి కూడా చెప్పింది. ఆ రోజు హాల్లో బావగారు ఉన్నారు.

బయట వీధిలో ఎవరో కూరగాయల బండివాడు కన్నడంలో కేకేస్తూ పోయాడు. అతని కేక దూరమయ్యేదాకా కమలమ్మ దుప్పటి అంచు సర్దుతూ కూర్చుంది. తర్వాత తలుపు వైపు ఎవరూ రావడం లేదని చూసుకున్నట్టు ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

“బిడ్డా, పెద్దోళ్లు కట్టుకునే మెత్తలుంటయ్ గద. దగ్గితె, తుమ్మితె ఆగని ఆడోళ్లకు. అవి గూడ మన దాంట్ల ఉన్నయా?”

“ఉన్నాయి అత్తయ్యా.”

“ఎవరికి తెల్వకుంట తెప్పిచ్చుకోవొస్తదా?”

మాధవీలత వేళ్లు ఫోను మీద ఆగిపోయాయి. నలభై ఏళ్లుగా అవి అమ్ముతున్న ఇల్లు. అత్తగారు ఎన్నేళ్లుగా పాత చీరల గుడ్డలతో నెట్టుకొస్తోందో ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. గల్లా దగ్గర భర్త ఉంటాడు, అరల దగ్గర కొడుకులు ఉంటారు. ఎవరిని అడుగుతుంది?

“సైటు సరిగా ఉంటే వస్తుంది” అంది మెల్లగా.

కమలమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి అక్కడ గిన్నెలు మామూలుకన్నా ఎక్కువ చప్పుడు చేశాయి.

*

కిష్టయ్య రోజూ రెండింటికి భోజనానికి వస్తాడు. ఆ రోజు ఒంటిగంటకే వచ్చాడు. వెనకాలే యోగానంద్. మౌనేశ్ పన్నెండింటికే పని మీద బయటికి పోయాడట, ఇంకా దుకాణానికి రాలేదట.

చెయ్యి కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాక కిష్టయ్య అన్నం కలపకుండా కోడలిని పిలిచాడు.

“యాపలదిన్ని యంకప్ప ఆస్పత్రిల ఉన్నడు బిడ్డా. నిన్న రాత్రి దెచ్చిండ్రట. ఆయన పెండ్లాము పొద్దున దుకాణంకు వచ్చింది.”

ఆమె పోట్లాడటానికి రాలేదు. సంచులు, గొట్టం కావాలని అడిగింది. మూడు సార్లు ఫోనులో ప్రయత్నించాడని, దొరకలేదని, దుకాణానికి చేస్తే ఎవరూ ఎత్తలేదని, తను పత్తి తీయడానికి పోయి ఉన్నానని చెప్పింది. పాత సంచీనే పదిరోజులు వాడారు. మూత్రంలో చీము పట్టి చలిజ్వరం వచ్చింది. డాక్టర్లు రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేమన్నారు. ఇదంతా ఆమె సామాను సంచీలో సర్దుకుంటూ చెప్పిందని, చెప్పి వెళ్లిపోయిందని కిష్టయ్య అన్నాడు.

పోయినవారం రెండు రోజులు మాధవీలత కూడా ఇంట్లో లేదు. నాన్నకు బాగాలేదంటే క్యాంపుకు వెళ్లింది. ఇంటికి మళ్లిన ఫోను ఖాళీ హాల్లో మోగి ఆగిపోయి ఉంటుంది. ఆమె కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

“దానికి సైటేం జేస్తది?” అన్నాడు యోగానంద్. కానీ గొంతులో పొద్దుటి ఊపు లేదు. “ఎవర్నన్న పంపి తెప్పిచ్చుకోవాల్సింది.”

“ఎవరినీ పంపనక్కర్లేదనే కదా బావగారూ మీరు సైటు పెట్టింది.”

ఎవరూ అన్నం ముట్టుకోలేదు. చైత్ర మజ్జిగ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

కిష్టయ్యకు వెబ్‌సైటు గురించి ఏమీ తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా. దుకాణానికి వచ్చినవాడి ముఖం చూసి సామాను ఇవ్వడమే అతనికి తెలిసిన వ్యాపారం. అతను కొడుకును ఒకే ఒక్కటి అడిగాడు, ఆ ట్రస్టువాళ్లను ఒక నెల ఆగమని అడగొచ్చా అని. అడిగితే వాళ్లు వరుసలో తర్వాత ఉన్న బళ్లారి దుకాణంవాళ్లకు ఇచ్చేస్తారని యోగానంద్ అన్నాడు. ఇస్తే ఇయ్యనీ అన్నాడు కిష్టయ్య. మూడేళ్ల కష్టాన్ని ఒక్కమాటతో తీసిపారేస్తున్నావని యోగానంద్ అన్నాడు. అప్పుడు కమలమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“నెల అడుగు. లేకుంటె ఆ సైటు మూసెయ్. అక్కరున్నోళ్లు కొననీకి రాని దుకాణం ఎందుకురా మనకు?”

తల్లి ఇంత కచ్చితంగా మాట్లాడటం యోగానంద్ ఎప్పుడూ వినలేదు. ఎందుకు మాట్లాడుతోందో అతనికి అర్థం కాలేదు, ఆమె చెప్పనూ లేదు. అతను తినకుండానే లేచాడు. గంటసేపు మేడ మీద అటూ ఇటూ నడిచాడు. ఆ అడుగులు కింద అందరికీ వినిపించాయి. మూడింటికి దిగివచ్చి మాధవీలత ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఆ జాబితా మల్ల చదువుతున్న” అన్నాడు. ఈసారి ఆమెతోనే. “ముప్పై సెకండ్లది ఇప్పుడే మార్చమని వానికి ఫోన్ జేసిన. ఆ కుర్చీ బొమ్మ గూడ తీయిస్తున్న. మిగిలినయ్ నెల దినాలల్ల అయితయో కావో నువ్వే జెప్పు. ఐతయ్ అంటె వాళ్లకు గట్లనే రాస్త.”

అతను సంతోషంగా చెప్పడం లేదు. ప్రతి మాటా పంటి కింది రాయిలా వస్తోంది. అయినా చెబుతున్నాడు. మాధవీలతకు కళ్లలో నీళ్లు వచ్చాయి, అతనికి కనిపించకుండా తల తిప్పుకుంది.

“తొంభై పాళ్లు అవుతాయి బావగారూ. నేను పక్కన కూర్చుని చేయిస్తాను.”

ఇద్దరూ కలిసి ఉత్తరం రాశారు. సైటు ఇంకా సిద్ధంగా లేదు, తప్పులు ఇవీ, ఒక నెల గడువు ఇప్పించండి. అతను కన్నడంలో చదివి వినిపించాడు, ఆమె రెండుచోట్ల మార్చమంది. నాలుగుంపావుకు పంపడానికి తన మెయిలు తెరిచాడు.

తెరిచి ఆగిపోయాడు.

“ఇదేంది?”

ఏమైందని ఆమె అడిగింది. ట్రస్టు నుంచి పావుగంట కింద ఒక ఉత్తరం వచ్చిందని చెప్పాడు. మీరు పంపిన ధ్రువపత్రం అందింది, ధన్యవాదాలు, సాయంత్రంలోగా తుది జాబితా ప్రకటిస్తాం అని ఉందట.

“నేను పంపలే” అన్నాడు. “అమ్మ తోడు, నేను పంపలే మాధవీ.”

ఆమె చెయ్యి బల్ల మీదికి పోయింది. పళ్లేలు లేవు, గ్లాసులు లేవు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమింది. కాగితం కూడా లేదు. అత్తగారిని పిలిచి అడిగితే, పొద్దున పది గంటల నుంచే తనకు కనిపించలేదని, పెద్దోడు తీసుకుపోయాడనుకున్నానని అంది.

అప్పుడే మాధవీలత ఫోను మోగింది. కొత్త నంబరు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

ట్రస్టు నుంచి సుప్రీత. చలాకీ గొంతు. కన్నడంలో గబగబా మాట్లాడింది. మీ ధ్రువపత్రం అందింది మేడమ్, మీలాంటివాళ్లు ముందుకొచ్చి పరీక్షించడం మాకెంతో సంతోషం, సంతకం పెట్టినవాళ్లకు ఒకసారి ఫోను చేసి అడగడం మా పద్ధతి, అంతే అంది.

“ఎవరు పంపారండీ?” అని అడిగింది మాధవీలత.

మీ ఆయనే, మౌనేశ్ సార్, పన్నెండున్నరకు తన మెయిలు నుంచి పంపారు అంది సుప్రీత.

మాధవీలత నిలబడే ఉంది. యోగానంద్ ఆమె ముఖం చూసి తనూ లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. ఒక చెప్పు, ఆగి, రెండో చెప్పు. ఆ అడుగు ఎవరిదో ఆమెకు తెలుసు. అతను లోపలికి వచ్చి, అందరూ నిలబడి ఉండటం చూసి, అక్కడే ఆగాడు.

ఆమె ఫోను చెవి దగ్గర నుంచి తీసి స్పీకరు నొక్కింది.

“సుప్రీతగారూ, ఇందాక అడగబోయింది ఇప్పుడు అడగండి.”

“ఈ సంతకం మీదేనా మేడమ్? అవును అంటే చాలు, నేను ఇక్కడ రాసుకుంటాను.”

ఇంకా దుకాణానికి తిరిగి వెళ్లని కిష్టయ్య పడక్కుర్చీలో కొంచెం ముందుకు వంగితే కిర్రుమన్న చప్పుడు వినిపించింది. అతని దుకాణం, ఆరు జిల్లాలు, చేతిలో గంట కూడా లేని గడువు, అన్నీ ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఉన్నాయి. అవునంటే అబద్ధం. కాదంటే ఎదురుగా నిలబడ్డవాడు దొంగసంతకం చేసినవాడవుతాడు.

ఈ ఇంట్లో పెద్దవాళ్ల ముందు ఆమె భర్తను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు.

“మౌనేశ్” అంది. “మేడమ్ అడుగుతున్నారు. నువ్వు చెప్పు.”

ఫోను పట్టుకున్న చెయ్యి గుమ్మం వైపు చాచింది. దాన్ని ఎవరూ అందుకోలేదు. అవతలి నుంచి సుప్రీత, లైన్లో ఉన్నారా మేడమ్ అని రెండోసారి అడిగింది.